ఎర్ర ఫిల్టరుకు కనబడని తుప్పు

మార్కెట్ వీధిలో మందుల షాపు పై అంతస్తులో ముప్పై నాలుగేళ్ళుగా నలుపు తెలుపు ఫోటోల స్టూడియో నడుపుతున్నవాడిని, అరవై మూడేళ్ళవాడిని, అందరూ "నీడలాయన" అని పిలిచే నేను, ఈ గురువారం మధ్యాహ్నం భోజనం చేసి, చేతులు కడుక్కుని, ముందుగదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉంది. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు, మందు పోయించలేదు. గుండె సంగతి డాక్టరుకు తెలుసు, బుద్ధి సంగతి నాకు తెలుసు. కాగితం చివరిదాకా చదివాక మా తమ్ముడికి నా మతి మీద అనుమానం రావచ్చు. అందుకే ముందే రాస్తున్నాను: ఇంత ఆలోచించి నేను నా జీవితంలో ఏ పనీ చేసి ఎరగను.

దీన్ని అమలు చేసే బాధ్యత మా అక్కయ్యది. రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఇలాంటి కాగితాలు టైపు కొట్టి రిటైరైన మనిషి. "వీలునామాలో సొంత సోది రాయకూడదురా, ఏది ఎవరికో రాసి ఊరుకోవాలి" అని నిన్ననే హెచ్చరించింది. క్షమించు అక్కయ్యా. ఏది ఎవరికో రాయబోతే, ఎందుకో కూడా రాయాల్సి వస్తోంది.

ఇంకొక మాట. మామూలుగా వీలునామాను మనిషి పోయాక చదువుతారు. దీన్ని మాత్రం రేపు, శుక్రవారం ఉదయం ఏడు గంటలకు, ట్యాంకు సందులో మా తమ్ముడి ఇంట్లో, తమ్ముడూ మరదలూ వాళ్ళ అమ్మాయీ ముగ్గురూ ఎదురుగా ఉండగా అక్కయ్య కవరు విప్పి గట్టిగా చదవాలి. అంతకుముందు విప్పకూడదు. నేను బతికున్నానా లేదా అన్నదానితో పని లేదు. మధ్యలో తమ్ముడు లేచి వెళ్ళబోతే గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని చదవవలసిందిగా మనవి.

ఒకటవ అంశం. ట్యాంకు సందులో, నీళ్ళ ట్యాంకు స్తంభాలకు నలభై అడుగుల దూరంలో, మా నాన్న కట్టించిన మూడు గదుల ఇంట్లో నాకున్న సగం హక్కు. దీన్ని నా తమ్ముడికి ఏ షరతూ లేకుండా వదులుకుంటున్నాను. నా తదనంతరం కాదు, ఇప్పుడే. హక్కు విడుదల పత్రం సోమవారమే రిజిస్టరు చేయించాను. దాని నకలు ఇదే కవరులో ఉంది.

కారణం తమ్ముడికి తెలుసు, అయినా రాస్తాను. పదకొండేళ్ళ కిందట నేను ఆ ఇంటికి వెళ్ళి, ప్రింటర్లు పెట్టుకోవడానికి చోటు కావాలి, మీరు వేరే ఇల్లు చూసుకోండి అన్నాను. అడిగిన తీరు కూడా బాగాలేదు. అప్పట్లో నా ఫోటోలు ఏదో పెద్ద ప్రదర్శనలో పెట్టారని కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయి. మరదలు మంచినీళ్ళు ఇస్తే గ్లాసు ముట్టుకోకుండా గోడలు కొలిచాను. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

ఇప్పుడు ఈ రెండు నెలల్లో నాలుగుసార్లు అదే గుమ్మం ఎక్కి, "ట్యాంకు నిలబడదురా, ఇల్లు ఖాళీ చెయ్యి" అని మొత్తుకున్నాను. నాలుగోసారి తమ్ముడు, "అప్పుడు ప్రింటర్లన్నావు, ఇప్పుడు ట్యాంకంటున్నావు. వచ్చే ఏడు ఏమంటావు అన్నయ్యా, భూకంపమా?" అని తలుపు వేసేశాడు. వాడి తప్పేమీ లేదు. వాడి స్థానంలో నేనున్నా వేసేవాణ్ణి. సందులో మిగతా రెండిళ్ళవాళ్ళూ అద్దెకున్నవాళ్ళు, నేను చెప్పిన వారానికే సామాన్లు సర్దుకున్నారు. పరాయివాళ్ళు నమ్మారు, సొంత తమ్ముడు నమ్మలేదు. ఇక వాణ్ణి ఆ ఇంట్లోంచి పంపించి నేను బాగుపడేది ఏమీ లేదు. ఆ ఇల్లు నిలిచినా కూలినా అందులో ఒక్క ఇటుక కూడా నాది కాదు. ఈ ఒక్క వాక్యం అక్కయ్య రెండుసార్లు చదవాలి.

రెండవ అంశం. నలుపు తెలుపు మాత్రమే తీసే నా కెమెరా, దాని రెండు బ్యాటరీలు, తోలు పట్టీ. ఇవి తమ్ముడి కూతురికి. తమ్ముడి కూతురంటే నా కూతురే. మాటల్లేని ఆ పదకొండేళ్ళలోనూ చివరి రెండేళ్ళు అమ్మాయి కాలేజీ నుంచి వస్తూ స్టూడియో మెట్లెక్కేది. తమ్ముడూ, ఇప్పుడు తెలిసింది కదా అని దాన్ని తిట్టకు. "నాన్నకు చెప్పొద్దు పెదనాన్నా" అంటే నేనే సరేనన్నాను.

అమ్మా, ఈ కెమెరా సెన్సరు మీద రంగుల జల్లెడ ఉండదు. ప్రతి చుక్కా వెలుగు ఎంత ఉందో కొలుస్తుంది గాని ఏ రంగు వెలుగో అడగదు. అందుకే మామూలు కెమెరా మసకబార్చే చోట కూడా ఇది వెంట్రుకను వెంట్రుకగా చూపిస్తుంది. వెలుతురు చాలని గదిలోనూ బొమ్మ గరుకుగా రాదు. ఇది కొన్న కొత్తలో నేను గోడ మీద చీమల్ని తీసి వాటి కాళ్ళు లెక్కపెట్టుకుని మురిసిపోయాను. ఆ మురిపెమే నా కొంప ముంచింది.

దీనితో రెండు జాగ్రత్తలు. తెలుపు మోతాదు మించితే ఆ చోటు కాలిపోయినట్టే. రంగుల ఫైలులో అయితే ఒక రంగులో పోయింది మరో రంగులో కొంతైనా మిగులుతుంది. ఇందులో మిగలదు. కాబట్టి ఎప్పుడూ వెలుగున్న చోటును చూసి ఎక్స్‌పోజరు పెట్టు, చీకటిని తరువాత పైకి తెచ్చుకోవచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. మామూలు కెమెరాతో రా ఫైలు, అంటే సెన్సరు పట్టినదంతా దిద్దకుండా దాచే ఫైలు తీస్తే, ఎరుపును తేల్చాలా ముంచాలా అని తరువాత కంప్యూటరు ముందు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. ఇందులో ఆ నిర్ణయం లెన్సు ముందు ఫిల్టరు బిగించిన క్షణానే అయిపోతుంది. ఆ తరువాత ఎవరు తలకిందులుగా నిలబడినా మారదు.

అందుకని మూడేళ్ళదాకా దీన్ని ముట్టుకోవద్దు. బీరువా కింది అరలో నా చిన్న రంగుల కెమెరా ఉంది. షట్టరు అప్పుడప్పుడు మొరాయిస్తుంది గాని నేర్చుకోవడానికి చాలు. వ్యూఫైండరును నలుపు తెలుపుకు మార్చుకో, ఫైలును మాత్రం రాలోనే ఉంచు. నీ కన్ను నీడలు నేర్చుకుంటుంది, ఫైలు రంగును దాచి ఉంచుతుంది. ఎప్పుడైనా నువ్వు పొరపాటు చేస్తే ఆ దాచిన రంగు నిన్ను కాపాడుతుంది. నన్ను కాపాడేది ఏదీ లేకపోయింది.

మూడవ అంశం. లెన్సులు. యాభై మిల్లీమీటర్లది అమ్మాయికి. ముప్పై ఐదుది కూడా అమ్మాయికే, కాని మనుషుల ముఖానికి మరీ దగ్గరగా పెట్టకు, ముక్కులు పెరుగుతాయి, స్నేహాలు తెగుతాయి. లోపల సన్నగా బూజు పట్టిన ఆ పాత లెన్సును మా కెమెరా మెకానిక్ ఇరవై ఏళ్ళుగా శుభ్రం చేస్తానంటున్నాడు, నేను ఇవ్వలేదు. కొత్త లెన్సులు నలుపును బొగ్గులా, తెలుపును సున్నంలా విడదీస్తాయి. ఆ బూజు వల్ల నీడల్లోకి కాస్త వెలుగు జారి, ముసలివాళ్ళ ముఖాలు నెమ్మదిగా కనిపిస్తాయి. అది మెకానిక్‌కే ఇద్దామనుకున్నాను గాని, సాక్షి సంతకం పెట్టేవాడికి ఏదీ రాయకూడదని అక్కయ్య చెప్పింది. కాబట్టి అదీ అమ్మాయికే. మెకానిక్ అడిగితే మాత్రం ఇవ్వకు, తుడిచేస్తాడు.

నాలుగవ అంశం. మరదలి ఫోటో. పడకగదిలో బీరువా తలుపు లోపల అంటించి ఉన్నది మరదలికి చెందాలి. దానికో చరిత్ర ఉంది. తమ్ముడి పెళ్ళైన ఏడాది ఆవిడకు ఒక ఫోటో తీశాను. ఎడమ చెంప మీద ఎర్రటి పుట్టుమచ్చ, రూపాయి బిళ్ళంత. నేను లెన్సుకు నారింజ ఫిల్టరు బిగించి, మచ్చ ఆనవాలు లేకుండా తీసి, ఫ్రేము కట్టించి బహుమతిగా ఇచ్చాను. మర్నాడే తిరిగొచ్చింది. "చాలా బాగుంది బావగారూ, కాని నా మచ్చ ఏది? ఇదెవరో వేరే ఆవిడ" అంది. నాకు ఒళ్ళు మండింది. స్టూడియోకు వచ్చేవాళ్ళందరూ మొటిమలు పోవాలని, మచ్చలు పోవాలని నా దగ్గరికి వస్తే, ఈవిడ మచ్చ కావాలంటుందేమిటని. అయినా ఫిల్టరు తీసేసి మళ్ళీ తీశాను. ఆ రెండో ఫోటోనే ఇది. ఆవిడకు ఇవ్వకుండా ఇన్నేళ్ళూ దాచుకున్నది అహంకారంతో. అంతకు మించిన కారణం లేదు.

ఎర్రటివన్నీ మాయం చేయడం నా చేతికి అలవాటైపోయింది. మచ్చ కనిపిస్తే చేయి దానంతట అదే ఫిల్టరు డబ్బా మీదికి పోయేది. ఈ మాట గుర్తుంచుకుని తరువాతి అంశం వినండి.

ఐదవ అంశం. ఫిల్టర్లు. పసుపు, ఆకుపచ్చ, నారింజ అమ్మాయికి. ముదురు ఎర్రది ఎవరికీ కాదు. దాన్ని ఈ కాగితంతో పాటు నీటి సరఫరా కార్యాలయానికి సాక్ష్యంగా అప్పగించాలి.

మూడేళ్ళ కిందట ఆ కార్యాలయంవాళ్ళు ట్యాంకుకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా ఒక పుస్తకం వేస్తామన్నారు. ఫోటోలకు మొదట పిలిచింది నన్ను కాదు, బస్టాండు ఎదురుగా రంగుల స్టూడియో ఉన్న ఆయన్ని. నేను వెళ్ళి అధికారి ఎదుట ఆయన్ని తీసిపారేశాను. పెళ్ళి పందిళ్ళు తీసుకునేవాడికి కాంక్రీటు ఏం తెలుస్తుందన్నాను. పని నాకొచ్చింది.

ట్యాంకు తొట్టికి అడుగున, చుట్టూ తిరిగి రావడానికి ఒక సన్నని నడవా ఉంది. తొట్టి బరువంతా మోసే గుండ్రటి దూలం అక్కడినుంచే కనిపిస్తుంది. నూట పన్నెండు ఇనుప మెట్లెక్కి ఆ నడవా మీద నిలబడ్డాను. దూలం మీద పైనుంచి కిందికి గోధుమ రంగు చారలు. లోపలి ఇనుము తుప్పు పట్టి, ఆ నీరు కాంక్రీటు పగుళ్ళలోంచి కారిన చారలు. నేను వాటిని చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. చూసి, ఛీ, ఇంత చక్కటి వంపు మీద ఈ మరకలేమిటి అనుకున్నాను. చేయి డబ్బా మీదికి పోయింది.

ఎర్ర ఫిల్టరు బిగిస్తే తుప్పు రంగు తేలిపోయి సున్నం రంగులో కలిసిపోతుంది. ఆకాశం నల్లబడుతుంది. ఫోటోల్లో ట్యాంకు అప్పుడే అచ్చు తీసిన బొమ్మలా వచ్చింది. పుస్తకం చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నాకు శాలువా కప్పారు.

ఇక్కడితో అయితే నా పాపం నాతోనే పోయేది. కాని అదే ఏడాది ట్యాంకు తనిఖీ వచ్చింది. ఇంజనీరుకు మోకాళ్ళ నొప్పులు. పుస్తకం తిరగేసి నాకు ఫోను చేశాడు. "ఏమయ్యా, నీ ఫోటోలో దోమ వాలినా కనిపించేట్టుందే. ఇంక నేనెక్కి చూసేదేముంది?" అన్నాడు. నేను ఏమనాలి? పొంగిపోయాను. ఆయన అడిగిన పన్నెండు ఫోటోలు పెద్దవి చేసి నేనే పంపాను. తనిఖీ నివేదికకు వాటినే జతచేసి, దూలం నిక్షేపంలా ఉందని రాసి సంతకం పెట్టాడు. అంత స్పష్టంగా లేకపోతే ఆయన నమ్మేవాడు కాదు. కెమెరా ఎంత నికార్సయినదో అబద్ధం అంత గట్టిగా నిలబడింది.

మార్చిలో తమ్ముడి ఇంటి పెరట్లో అరచేయంత కాంక్రీటు పెచ్చు పడింది. అమ్మాయి దాన్ని స్టూడియోకు తెచ్చి చూపించింది. ఒకవైపు సున్నం, రెండోవైపు ఇనుప చువ్వ ఆనవాలు. వేలితో నొక్కితే ఆ ఇనుము పొడి పొడిగా రాలింది.

కార్యాలయానికి వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. కొత్త అధికారి చదివి నవ్వాడు. "ట్యాంకు బాగుందని చెబుతున్న ఫోటోలు మీవి. బాగాలేదని చెబుతున్న కాగితమూ మీది. మేం ఎవర్ని నమ్మాలండీ, మిమ్మల్నా, మిమ్మల్నేనా?" అన్నాడు. తనిఖీ మళ్ళీ రెండేళ్ళకట. పైకి ఎవర్నీ ఎక్కనివ్వరట. కిందినుంచి ఎంత పెద్ద లెన్సు పెట్టినా ఆ దూలం లోపలివైపు కనబడదు. నా ఫైళ్ళు తెరిచి ఆ చారల్ని వెనక్కి రప్పించాలని పది రోజులు కూర్చున్నాను. లేని రంగు ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పటిదాకా ట్యాంకు నిలబడటానికి కారణం ఒక్కటే. పాత పంపు పాడై రెండేళ్ళుగా సగానికి మించి నీళ్ళు ఎక్కడం లేదు. కొత్త పంపు వచ్చింది. శనివారం ఉదయం ట్యాంకు నిండా నింపుతామని కార్యాలయం గోడకు నోటీసు అంటించారు. రెండు పూటలా నీళ్ళొస్తాయని వీధి వీధంతా సంబరపడుతోంది.

ఆరవ అంశం. ఆ ఇంజనీరు ఇప్పుడు రిటైరై కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయనకు నా ట్రైపాడు. ఎనిమిది కిలోల బరువు, గాలికీ వానకూ కదలదు. ఆయన కాళ్ళకంటే దాని కాళ్ళు నమ్మకమైనవి. ఇది ఎత్తిపొడుపే, కప్పిపుచ్చను. అయితే ఇచ్చేటప్పుడు అక్కయ్య ఇంకో మాట చెప్పాలి, ఆయనకంటే నా తప్పే పెద్దదని. ఆయన ఎక్కి చూడలేదు. నేను ఎక్కి చూసి మరీ తుడిచేశాను.

ఏడవ అంశం. మానిటరు, దాని రంగులు సరిచూసే చిన్న మీటరు, రంగు ఇంకులతో పాటు నాలుగు రకాల బూడిద ఇంకులు కూడా వాడే ప్రింటరు అమ్మాయికి. నల్ల ఇంకు ఒక్కటే పోసే ప్రింటర్లను నమ్మకు, వాటిలో మధ్య ఛాయలు చుక్కలు చుక్కలుగా విరుగుతాయి. ఖరీదైన ప్రింట్లు తీసే దూది కాగితం పెట్టె ఒకటి సీలు విప్పకుండా అటక మీద ఉంది. పెద్ద ప్రదర్శన కోసం దాచుకున్నది. దాన్ని రేపే వాడాలి. ఎందుకో తరువాతి అంశంలో ఉంది.

ఎనిమిదవ అంశం. బస్టాండు ఎదుటి రంగుల స్టూడియో యజమానికి. ఆయన కూడా సాక్షే కాబట్టి ఏదీ ఇవ్వలేను. క్షమాపణ మాత్రం ఆస్తి కిందికి రాదని అక్కయ్యే అంది. కాబట్టి ఇస్తున్నాను. ఆనాడు ఆ పని మీరు చేసి ఉంటే, మామూలు కెమెరాతో, ఏ ఫిల్టరూ లేకుండా, ఉన్న మరకను ఉన్నట్టు తీసి ఉండేవారు. ఇంజనీరు ఆ ఫోటో చూసి నొప్పులున్నా కుంటుకుంటూ ఎక్కి ఉండేవాడు. ఇరవై ఏళ్ళు మీ ఫోటోల్ని మిఠాయి డబ్బాలని ఎగతాళి చేశాను. నిన్న మీ కొట్టుకొచ్చి మీ రంగుల కెమెరా అడిగితే, ఎందుకని కూడా అడగకుండా పట్టీ నా మెడలో వేశారు. తరువాత నేనే సంగతి చెబితే మాత్రం, "నేనెక్కుతానండీ, మీ గుండె సంగతి తెలిసి ఎలా పంపను?" అన్నారు. మీరు ఎక్కితే లాభం లేదు. నేను ఆ రోజు తీసిన పన్నెండు చోట్లు, అదే దూరం, అదే కోణం, అదే పొద్దుటి వెలుగు నాకే తెలుసు. పాత ఫోటో పక్కన కొత్తది పెడితే గుడ్డివాడికి కూడా తేడా తెలియాలి.

ఆ రంగుల కెమెరాలో మెమరీ కార్డులు రెండు ఉంటాయి, ప్రతి ఫోటో రెండింటిలోనూ పడుతుంది. నాకేం జరిగినా ఒక్కటైనా దొరుకుతుంది. అమ్మాయి వెంటనే ఆ పన్నెండూ రంగుల్లో, దూది కాగితం మీద, పాతవాటి పక్కన పెద్దవిగా ప్రింటు తీసి, శుక్రవారం సాయంత్రంలోపు కార్యాలయం గోడ మీద, ఆ నోటీసు పక్కనే అంటించాలి. చూసినవాళ్ళు శనివారం పంపు వేయనివ్వరు.

నడవా తలుపు తాళంచెవి నాకెవరిచ్చారో రాయను. అడగవద్దు.

తొమ్మిదవ అంశం. స్టూడియో, దాని వెనక రెండు గదులు, వంటిల్లు. నేను ఉన్నా లేకున్నా ఇవి రేపటినుంచి తమ్ముడి కుటుంబానికి. నిన్న గోడల మీద ఫోటోలన్నీ దించేశాను. లైట్లు, తెరలు అటకెక్కించాను. మూడు మంచాలు వేయించాను. స్నానాల గదిలో కుళాయి కాస్త ఎడమకు తిప్పితే గాని ఆగదు. మరదలికి వంటింటి కిటికీ నచ్చుతుందని అనుకుంటున్నాను, ఉదయం వెలుగు బాగా వస్తుంది. సామాన్లకోసం ఆగవద్దు. బట్టలు, అమ్మాయి పుస్తకాలు, మందులు, అంతే.

పదవ అంశం, ఆఖరిది. ఇది నా తమ్ముడికి ఒక్కడికే, కాని అందరూ వినండి.

అక్కయ్య ఈ మాట చదివే వేళకు నేను ట్యాంకు నడవా మీద ఉంటాను. ఫోటోలు తీయడం ఏడు లోపే అయిపోతుంది. కార్డుల్లో ఒకటి తీసి, గుడ్డలో చుట్టి, కింద మెట్ల దగ్గర నిలబడ్డ రంగుల స్టూడియో ఆయనకు తాడుతో దించేసి ఉంటాను. నా పని అయిపోయినట్టే. అయినా నేను దిగను.

కెమెరాకు పొడుగు లెన్సు బిగించి ఉంటుంది. అక్కడినుంచి మీ వాకిలి కనిపిస్తుంది. వాకిట్లో సైకిలు, తలుపు గడియ, గడియకు వేలాడే తాళం కప్పతో సహా. మీరు ముగ్గురూ బయటికొచ్చి, ఆ తలుపుకు తాళం వేసి, సందు చివర మలుపు తిరిగేదాకా నేను చూస్తూనే ఉంటాను. ఎంతసేపైనా సరే. ఎండెక్కినా సరే, శనివారం వచ్చినా సరే. ఇంటి కోసం ఎత్తు వేస్తున్నాననుకున్నావు కదా, ఇదిగో, ఇంతకంటే ఎత్తు నాకు తెలియదు. నేను నిలబడ్డ నడవా ఎంత గట్టిదో అడగాల్సిన పని లేదు, దాని ఫోటో తీసింది నేనే.

నన్ను దించడానికి పైకి రావద్దు. ఆ మెట్లు ఇద్దరి బరువు ఆపవు. కిందినుంచి కేకలు వేయవద్దు, వినబడవు. ఏదైనా చప్పుడు వినిపించినా వెనక్కి పరిగెత్తవద్దు, ముందు మలుపు దాటండి. నన్ను వెతకడం తరువాత పని. నీకు నా మీద కోపముంటే అలాగే ఉంచుకో, స్టూడియోకు వచ్చాక ఎదురుగా కూర్చుని తిట్టు, నోరెత్తకుండా వింటాను. తాళం మాత్రం త్వరగా వెయ్యరా తమ్ముడూ. నాకు ఎత్తంటే భయం. చిన్నప్పుడు గోడ మీదినుంచి నువ్వే నన్ను చెయ్యి పట్టుకుని దించేవాడివి. ఆ సంగతి ఈ లోకంలో నీకొక్కడికే తెలుసు.

పైన రాసినదంతా నేను రాసి, చదివి, సరిచూసుకుని, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

తేదీ: మే నెల ఇరవై తొమ్మిది, గురువారం, సాయంత్రం నాలుగున్నర.

(సంతకం)
నీడలాయన
మార్కెట్ వీధి స్టూడియో

సాక్షులు:

1. (సంతకం) కెమెరా మెకానిక్, మార్కెట్ వీధి. నా ఎదుట సంతకం చేశారు. చేయి వణకలేదు.

2. (సంతకం) రంగుల స్టూడియో యజమాని, బస్టాండు ఎదురు. నా ఎదుటే సంతకం చేశారు. వద్దని చెప్పాను, వినలేదు. రేపు ఉదయం ఆరింటి నుంచి మెట్ల కిందే ఉంటాను.